ప్రభుత్వమూ గిరిజనేతరుడే

ఏజెన్సీ భూమి విషయంలో సర్కారు కూడా గిరిజనేతరుడేనని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తేల్చింది. విశాఖ మన్యంలో, బొర్రా పరిసరాల్లో కాల్సైట్ గనులను కంపెనీలకు లీజుకిస్తుంటే సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు సమత వాదనకు ఔనన్నారు, ఒకరు కాదన్నారు. గిరిజనుడి భూమి షావుకారు కొంటే 1/70 చట్టం కింద నేరమైనప్పుడు, సర్కారు తన చేతిలోని ఏజెన్సీ భూమిని కంపెనీకి లీజు రాసిస్తే న్యాయమెలా అవుతుందన్నదే అసలు ప్రశ్న. అవదని తీర్పు. గని తవ్వితే గిరిజన సహకార సంఘాలు తవ్వాలి, లేదంటే ప్రభుత్వ సంస్థ తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా తీసి పెట్టాలి.

ఆ తీర్పును మనస్ఫూర్తిగా అమలు చేసిన ప్రభుత్వం ఒక్కటుంటే పేరు చెప్పండి. సందు వెతికిన ప్రభుత్వాల పేర్లు నేను చెబుతాను. ‘ప్రభుత్వ సంస్థ’ అన్న చోటే వాళ్లకు సందు దొరికింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ, బాక్సైట్ వెళ్లేది జిందాల్ శుద్ధి కర్మాగారానికి అన్నట్టుగా ఒప్పందం. చంద్రబాబు హయాంలో, 2015లో జీవో 97. చింతపల్లి, జెర్రెల అడవుల్లో తవ్వకానికి మళ్లీ అదే ఏపీఎండీసీ ముందుకొచ్చింది. పార్టీ మారింది, పథకం మారలేదు. మన్యం భగ్గుమంటే తగ్గారు, 2019లో జీవో రద్దయింది. గెలిచిన కేసు చేతిలో ఉండి కూడా జనం రోడ్డెక్కాల్సి వచ్చింది.

కోర్టుకైనా తన మాట మీద నిలకడ ఉందా? 2001లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో వాటా 51 శాతం స్టెరిలైట్‌కు అమ్మడాన్ని సమర్థిస్తూ, సమత తీర్పు మీద తమకు గట్టి సందేహాలున్నాయని ఇంకో బెంచి రాసింది. కొట్టెయ్యలేదు, మచ్చ పెట్టింది. కంపెనీ లాయర్లకు అది చాలు.

అసలు దెబ్బ 2020 ఏప్రిల్‌లో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లలో కూర్చున్నప్పుడు పడింది. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ని ఐదుగురు జడ్జీల బెంచి కొట్టేసింది. ఆ జీవో ఎందుకొచ్చింది? పోస్టింగు మన్యంలో, కాపురం మైదానంలో పెట్టుకుని జీతం మాత్రం క్రమం తప్పకుండా తీసుకునే అయ్యవార్ల వల్ల వచ్చింది. పిల్లల భాష వచ్చినవాడు, ఆ ఊళ్లోనే ఉండేవాడు టీచరైతే బడి తెరుచుకుంటుందన్న ఇంగితం వల్ల వచ్చింది. బెంచి ఆ బడి వైపు కాకుండా శాతం వైపు చూసింది. నూరు శాతం అన్యాయం, 50 దాటకూడదు అంది. పైగా రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అయిదు లక్షల ఖర్చులు వడ్డించింది.

అదే కోర్టు 2022 నవంబరులో అగ్రకులాల పేదల 10 శాతం కోటా కేసులో, 50 శాతం గీత రాతి మీద గీసింది కాదని మెజారిటీతో చెప్పింది. రెండేళ్లలో రాయి మెత్తబడింది! అది రాజ్యాంగ సవరణ, ఇది ఉత్త గవర్నర్ నోటిఫికేషన్ అని లాయర్లు దిద్దుతారు. దిద్దండి. ఆ నోటిఫికేషన్ ఇచ్చే అధికారాన్ని గవర్నర్‌కు ఐదో షెడ్యూల్‌లో రాసిపెట్టింది ఎవరు? రాజ్యాంగ సభే కదా. మైదానం చట్టాలు మన్యంలో ఉన్నదున్నట్టు అమలైతే భూమి, అడవి, కొలువు మూడూ పోతాయని తెలిసే రాసింది. ఆ అధికారం ప్రాథమిక హక్కుల దగ్గర ఆగిపోతుందని జీవో 3 బెంచి అంది. ఎవరి ప్రాథమిక హక్కులు? టీచరు లేని బడికి వెళ్లే పిల్లకు 21ఎ అధికరణం కింద చదువు ప్రాథమిక హక్కే. తూకంలో ఆ పిల్ల వైపు ఏం వేశారు?

కోర్టును తిట్టి ఊరుకుంటే రాష్ట్రాలకు హాయి. గిరిజన సలహా మండలిని అడిగి, ఐదో షెడ్యూల్ ఐదో పేరా కింద కొత్త రెగ్యులేషన్ రాసి రాష్ట్రపతి ఆమోదానికి పంపొచ్చు. నూరు తప్పంటే, ఎంత ఒప్పో లెక్కలతో నిరూపించొచ్చు. స్థానిక కొలువుల మీద రాష్ట్రపతి ఇచ్చిన 371డి ఉత్తర్వు అడ్డమని కోర్టు అంది కాబట్టి, దాన్ని సవరించమని కేంద్రం మీద పడొచ్చు. పన్నుల్లో తమ వాటా కోసం ఢిల్లీలో గొంతు చించుకునే ముఖ్యమంత్రులు ఎవరైనా సరే, సమాఖ్య స్ఫూర్తి గురించి ఉపన్యాసాలిచ్చే ముందు ఈ కాగితం ఒకటి పంపి చూపించండి.

గవర్నర్లకూ ఒక పని ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద ఏటా రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలని అదే షెడ్యూల్ మూడో పేరా చెబుతోంది. ఈ ఏటి నివేదికను పంపే ముందు అరకు సంతలో తెలుగులో, కువిలో, ఆదివాసీ ఒరియాలో చదివించండి. బాక్సైట్ గురించి, జీవో 3 గురించి అందులో ఏం రాశారో, ఏం దాచారో అక్కడి జనం అక్కడికక్కడే చెబుతారు.