ఆ వేదిక మీద అందరికీ 50 డాలర్లే



పోయిన బుధవారం కూడిక అయ్యాక మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు నన్ను పక్కకి పిలిచి మెల్లగా ఒక మాటన్నాడు. "అయ్యగారూ, ఈసారి కూటాల్లో పాటలకి పట్నం నుంచి టీమ్‌ని పిలుద్దామండి. మన మామ్మలు తాళాలు కొడుతూ పాడే పాటలు వద్దు. లైవ్ పెడుతున్నాం కదా, చూసినవాళ్ళు నవ్వుతారు." పిల్లవాడు మంచివాడే. సౌండ్ బాక్సులు మోసేదీ వాడే, కూటం అయ్యాక తివాచీలు చుట్టేదీ వాడే. అందుకే అప్పుడు ఏమీ అనలేదు. కానీ "నవ్వుతారు" అన్న మాట నాతోపాటే ఇంటికొచ్చింది. సరిగ్గా ఇదే మాట 1964లో అమెరికాలో ఒక పల్లెటూరి పాటగాడి గురించి పత్రికలోనే రాశారు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు న్యూపోర్ట్ సంగతి చెప్పాలి.

న్యూపోర్ట్ అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. కోటీశ్వరులు వేసవికి వచ్చి ఉండడానికి కట్టుకున్న భవనాలు ఇప్పటికీ అక్కడ వరసగా కనిపిస్తాయి. అంతకుముందు, 18వ శతాబ్దంలో, ఆఫ్రికా మనుషులను బానిసలుగా అమ్మే వ్యాపారానికి ఓడలు బయలుదేరిన రేవు కూడా అదే. ఆ ఊళ్ళో 1954లో జార్జ్ వీన్ అనే ఆయన జాజ్ సంగీతోత్సవం మొదలుపెట్టాడు. డబ్బున్న లోరిలార్డ్ దంపతులు అండగా నిలబడ్డారు. ఏ రేవు నుంచి బానిస ఓడలు వెళ్ళాయో అక్కడికే ఆ బానిసల మునిమనవలు బాకా, పియానో పట్టుకుని వచ్చారు. వాళ్ళ పాట వినడానికి జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు.

1958 ఉత్సవాన్ని ఒక సినిమాగా తీశారు. పేరు 'జాజ్ ఆన్ ఎ సమ్మర్స్ డే'. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా ఉంటుంది, చక్ బెర్రీ రాక్ పాట ఉంటుంది, మధ్యమధ్యలో సముద్రం మీద తెరచాప పడవలు కనిపిస్తాయి. చివర్లో మహేలియా జాక్సన్ వస్తారు. పరలోక ప్రార్థన పాడతారు. సినిమా అక్కడితో అయిపోతుంది.

మహేలియా న్యూ ఆర్లీన్స్‌లో పేద ఇంట పుట్టి, షికాగో వెళ్ళి బట్టలు ఉతికి, ఇళ్ళల్లో పని చేసి బతికిన మనిషి. పెద్ద పేరొచ్చాక కూడా క్లబ్బుల్లో పాడనన్నారు, బ్లూస్ పాటలు పాడనన్నారు. అలాంటావిడ జాజ్ ఉత్సవానికి ఎందుకెళ్ళారని కొందరికి సందేహం రావచ్చు. ఇరవై ఏళ్ళ కిందట అయితే నేనే అడిగేవాణ్ణి, కాస్త గట్టిగానే అడిగేవాణ్ణి. సేవలోకి వచ్చిన కొత్తలో ఏ స్టేజీ మీద పాడొచ్చు, ఏది కూడదు అని నా దగ్గర పెద్ద పట్టీ ఉండేది. ఇప్పుడు నాకు తోచేది ఇది. ఆవిడ స్థలం మార్చారు గానీ పాట మార్చలేదు. వాన పడుతున్నా జనం లేచి వెళ్ళకుండా విన్నారు. ఆ పాట గుడి గోడల మధ్యనే ఉండిపోయి ఉంటే వాళ్ళలో ఎంతమంది చెవిన పడేది?

నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం అదే ఊళ్ళో జరిగే రెండో ఉత్సవం గురించి. 1959లో జానపద సంగీతానికి వేరుగా ఇంకొక ఉత్సవం పెట్టారు. రెండేళ్ళు జరిగి ఆగిపోయింది. 1963లో పీట్ సీగర్, ఆయన భార్య తోషి, థియడోర్ బికెల్, జార్జ్ వీన్ కలిసి దాన్ని లాభం చూసుకోని సంస్థగా మళ్ళీ నిలబెట్టారు. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నారు. పాడేవాళ్ళు ఎవరైనా సరే, ఒక్కొక్కరికి 50 డాలర్లు. రాకపోకల ఖర్చు, తిండి, బస సంస్థదే. జోన్ బేజ్‌కీ అంతే, బాబ్ డిలన్‌కీ అంతే. అప్పట్లో రేడియో తిప్పితే చాలు వినిపించే పీటర్, పాల్ అండ్ మేరీ బృందానికీ మనిషికి అంతే. ఎక్కడో కొండల్లో బొగ్గు గని పని చేసుకుని రిటైరై, బాంజో పట్టుకుని వచ్చిన డాక్ బాగ్స్‌కీ అంతే.

ఆ సంవత్సరం వచ్చినవాళ్ళలో మిసిసిపీ జాన్ హర్ట్ అనే పెద్దాయన ఉన్నాడు. 1928లో ఒక కంపెనీ ఆయన పాటలు కొన్ని రికార్డు చేసింది. తర్వాత గడ్డు రోజులొచ్చాయి, కంపెనీ మూతపడింది, ఆయన ఊరికి పోయి వ్యవసాయం చేసుకున్నాడు. 35 ఏళ్ళు ఎవరూ పలకరించలేదు. ఆ పాటల్లో ఒకదాంట్లో ఆయన తన ఊరి పేరు చెప్పుకున్నాడు, ఆవలాన్ అని. ఆ ఒక్క పేరు పట్టుకుని టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు 1963లో పటం వెతికి ఆ ఊరు చేరాడు. పెద్దాయన అక్కడే ఉన్నాడు. అప్పటికి ఆయన ఇంట్లో గిటార్ కూడా లేదు. అదే ఏడాది జూలైలో, 70 ఏళ్ళ వయసులో, న్యూపోర్ట్‌లో కుర్చీలో కూర్చుని, టోపీ పెట్టుకుని, పక్కింటివాళ్ళతో మాట్లాడినంత మెల్లగా పాడాడు. ఆ తర్వాత ఆ సంస్థవాళ్ళే, మీకు నచ్చిన గిటార్ ఏదైనా తీసుకోండి, డబ్బు మేం కడతాం అన్నారు. ఆయన ఖరీదైనవి పక్కన పెట్టి సాదాసీదా గిల్డ్ గిటార్ ఒకటి ఎంచుకున్నాడు. ఇది చదివినప్పుడు మన సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు గుర్తొచ్చారు. పేర్లు చెప్పను, మీకు తెలుసు.

ఫ్రీడమ్ సింగర్స్ అని నలుగురు వచ్చారు. అందరూ నల్లజాతి యువతీ యువకులు, హక్కుల కోసం పోరాడుతున్నవాళ్ళు. వాళ్ళలో బెర్నీస్ జాన్సన్ ఒక బాప్టిస్టు పాస్టరుగారి కూతురు. ఆమె చిన్నతనంలో వాళ్ళ గుడిలో పియానో లేదు. చేతులూ కాళ్ళే వాయిద్యాలు. ఆ అలవాటుతోనే జైల్లో పాడింది, న్యూపోర్ట్‌లో పాడింది. కీబోర్డు పాడైతే ఆరాధన ఆగిపోతుందని కంగారుపడే మనకి ఈ సంగతి కాస్త గుచ్చుకోవాలి. మొదటి రాత్రి చివర్లో వాళ్ళు, బేజ్, డిలన్, సీగర్ చేతులు పట్టుకుని నిలబడి 'వి షల్ ఓవర్‌కమ్' పాడారు. మన పిల్లలు బడిలో హిందీలో 'హమ్ హోంగే కామ్‌యాబ్' అని పాడేది ఆ పాటే. అది నల్లవారి సంఘాల్లో పెరిగిన పాట.

50 డాలర్ల సంగతికి మళ్ళీ వస్తాను. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని పొద్దున వచ్చినవాడికీ సాయంత్రం వచ్చినవాడికీ ఒకే దేనారము ఇస్తాడు. ఆ ఉపమానం నేను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. బోధించేటప్పుడు బాగానే ఉంటుంది. జేబులోంచి తీసి ఇచ్చేటప్పుడే చెయ్యి వెనక్కి లాగుతుంది. పేరున్నవాడు రాకపోతే జనం రారు కదా, వాడికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే కదా అంటారు. న్యూపోర్ట్‌వాళ్ళు దానికి ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. పేరున్నవాళ్ళ వల్ల జనం వస్తారు, నిజమే. వచ్చిన జనం ఇచ్చిన డబ్బులో మిగిలింది పేరు లేనివాళ్ళను వెతకడానికి ఖర్చు పెడదాం అన్నారు. రాల్ఫ్ రింజ్లర్ అనే ఆయన్ని ఊళ్ళ మీదికి పంపారు. ఎక్కడ ఎవరు పాత పాట పాడుతున్నారో వెతికి తీసుకురమ్మన్నారు. ఏమీ లోటు లేదని నేను చెప్పను. ఎక్కువమంది వచ్చింది పేరున్నవాళ్ళ కోసమే. అయినా ఆ వచ్చినవాళ్ళు పేరు లేనివాళ్ళనూ విన్నారు.

రింజ్లర్ అలా వెళ్ళిన చోట్లలో లూయిసియానా ఒకటి. అక్కడి పల్లెల్లో కేజన్ ప్రజలు ఫ్రెంచి మాట్లాడతారు. 1921 నుంచి అక్కడి బడుల్లో ఫ్రెంచి కూడదన్నారు. బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లల్ని శిక్షించేవాళ్ళు. మాట్లాడను అని వందలసార్లు రాయించేవాళ్ళు. దాంతో సొంత భాషంటే, సొంత పాటంటే సిగ్గు పట్టుకుంది. ఫిడేలు, అకార్డియన్ మీద పాడే వాళ్ళ పాటకి 'చాంకీ చాంక్' అని వెక్కిరింపు పేరు కూడా ఉండేది. అలాంటి చోటు నుంచి 1964లో ముగ్గురు న్యూపోర్ట్‌కి బయలుదేరారు. ముగ్గురిలో డ్యూయీ బల్ఫా చివరి నిమిషంలో వేరొకరి బదులు చేరినవాడు. కౌలు రైతు కొడుకు. దగ్గర్లోని పట్టణం పత్రికలో ఒకాయన, వీళ్ళని అక్కడ నవ్వులపాలు చేసి పంపిస్తారన్నట్టు రాశాడు.

నవ్వలేదు. 17,000 మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతకుముందు ఇళ్ళలో జరిగే ఆటపాటల్లో తాను 200 మందికి మించి చూడలేదని బల్ఫా తర్వాత చెప్పుకున్నాడు. ఆ చప్పట్ల ప్రతిధ్వనిని ఊరికి మోసుకెళ్ళాలని ఆయనకి ఆ రోజే అనిపించిందట. మోసుకెళ్ళాడు కూడా. బతుకుతెరువు కోసం బడి బస్సు నడిపాడు, బీమా పాలసీలు అమ్మాడు, మిగిలిన పొద్దంతా ఆ పాటకే పెట్టాడు. 1967లో అన్నదమ్ములతో కలిసి మళ్ళీ న్యూపోర్ట్ వెళ్ళాడు. 1974లో వాళ్ళ సొంత గడ్డ మీద, లఫాయెట్‌లో, కేజన్ సంగీతానికి పెద్ద సభ జరిగితే ఉరుముల వానలో వేలమంది వచ్చారు. పాట అదే, పాడేవాళ్ళూ వాళ్ళే. విన్నవాళ్ళ చెవులు మారాయి.

1965లో బాబ్ డిలన్ కరెంటు గిటార్ పట్టుకుని వచ్చాడు, కొందరు గోల చేశారు. న్యూపోర్ట్ అంటే చాలామందికి అదొక్కటే గుర్తుంది. ఆ గొడవలో ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. నాకైతే హర్ట్‌గారి టోపీ ముఖ్యం.

ఇప్పుడు మన కూటాల సంగతి. పోయినేడు పట్నం టీమ్‌కి కవరు ఇచ్చాం, కారు బాడుగ ఇచ్చాం. మన డప్పు తమ్ముళ్ళు మూడు రాత్రులూ వాయిస్తే భోజనం పెట్టి పంపించాం. ఆ కవరు నా చేత్తోనే ఇచ్చాను, కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. పట్నం టీమ్ వద్దని నేను అనను. వాళ్ళ పాటలూ నాకు ఇష్టమే, మన పిల్లలకి ఇంకా ఇష్టం. కానీ ఈసారి వేదిక ఎక్కే ప్రతి ఒక్కరికీ ఒకే కానుక ఉండాలని కమిటీని అడుగుతున్నాను. మామ్మల పాటలు జనం ఇంకా రాని మొదటి అరగంటలో కాదు, వాక్యానికి ముందు పెట్టాలి. పురుషోత్తమ చౌదరిగారు రాగం, తాళం కట్టి కీర్తనలు రాసి వందేళ్ళు దాటిపోయింది. వాటిని పుస్తకం చూడకుండా పాడేవాళ్ళు మన ఊళ్ళో ఇప్పుడు నలుగురే మిగిలారు. వాళ్ళలో ఒకరికి మొన్ననే కంటి ఆపరేషన్ అయింది.

తమ్ముడికి ఆదివారం సాయంత్రం ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "అయితే అయ్యగారూ, మామ్మలకి మైక్ పొడుగుది కాదండి, పొట్టి స్టాండు కావాలి, వాళ్ళు కింద కూర్చుని పాడతారు కదా" అన్నాడు. పొట్టి స్టాండు మన దగ్గర లేదు. ఎవరింట్లోనైనా ఉంటే శనివారం సాయంత్రం పాటల సిద్ధపాటుకి వచ్చేటప్పుడు తెచ్చి ఇవ్వగలరు. పాత కీర్తనల పుస్తకాలు, అట్టలు చిరిగినా సరే, అవీ తీసుకురండి.