తెర దించింది ఎవరు?

నీళ్లు, నిధులు, నియామకాల మీద రాసిన కలంతో టీవీ కార్యక్రమాల మీద రాయడమేమిటని మా మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. ఒక సీరియల్ ఆగితే ఆగింది, కొంప మునిగిందా అనవచ్చు. మునిగిందనే మేము అనుకుంటున్నాం. ఏది నడవాలె, ఏది ఆగాలె అని తేల్చేచోట జనగామ లేదు, మానుకోట లేదు, భూపాలపల్లి లేదు. రాష్ట్రం రాకముందు లేదు. 2014 తర్వాత ఉన్నదని గట్టిగా చెప్పే ధైర్యం మాకు ఈ రోజుకీ లేదు.

మొదటి ముచ్చట 1975 నాటిది. ఆ ఏడు ఆగస్టు 1న ‘సైట్’ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాది కోసం మన దేశానికి ఎరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెల్లో టీవీ పెట్టెలు పెట్టారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు కార్యక్రమాలు. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, నడుమ నడుమ ఆటపాట. ఎమర్జెన్సీ రోజులు కాబట్టి సర్కారు భజన కూడా ఉండే ఉంటుంది, అది వేరే సంగతి. తెలంగాణలో మెదక్, మహబూబ్‌నగర్ పల్లెలకు ఆ అదృష్టం దక్కింది. ఊరంతా ఒక్కచోట కూర్చుని ఒక్క పెట్టెను చూసింది. 1976 జూలై 31న అది ఆగిపోయింది. ఎరువిచ్చినవాడు తన ఉపగ్రహాన్ని తాను తీసుకపోయిండు. పల్లెకు అలవాటు చేసి, రుచి చూపించి, ఏడాదికే తెర దించారు.

మన ఓరుగల్లు జిల్లా ఆ జాబితాలోనే లేదు. కొందరి కార్యక్రమం తొందరగా ఆగింది, మనది మొదలే కాలేదు. ఆ ప్రయోగానికి కొనసాగింపుగానే 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. అప్పుడు కూడా జనగామ మిద్దెల మీద వెదురు బొంగులు లేచి, యాంటెన్నాను ఇటు తిప్పి అటు తిప్పి, ‘వచ్చిందా?’ అని పైనుంచి ఒకడు, ‘పోయింది’ అని కిందినుంచి ఇంకొకడు అరిచే రోజులు రావడానికి ఏండ్లు పట్టింది.

సరే, బొమ్మ వచ్చింది. ఆ బొమ్మలో మాట ఎవరిది? రెండున్నర జిల్లాల యాస ‘తెలుగు’ అయింది. మన మాట పనిమనిషికి, రౌడీకి, నవ్వించడానికి పెట్టిన పాత్రకు మిగిలింది. పొద్దంతా బడిలో పిల్లలకు పాఠం చెప్పిన పంతులు, సాయంత్రం ఇంట్లో టీవీ పెట్టి తన అమ్మ మాట్లాడే మాటను చూసి పక్కింటివాళ్లు పకపక నవ్వడం విన్నడు. ఉద్యమానికి మనిషిని తయారుచేసింది జీవో 610 ఒక్కటే కాదు, ఆ నవ్వు కూడా.

ఇక మన కళ సంగతి. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఊరు. ఒగ్గు పట్టుకుని, డోలు దరువు మీద మల్లన్న కథను వేల ప్రదర్శనల్లో చెప్పిన మనిషి. ఆకాశవాణిలో చెప్పిండు, దూరదర్శన్‌లో చెప్పిండు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నడు. 2017 నవంబర్‌లో కన్నుమూసిండు. రాత్రంతా సాగాల్సిన కథను స్టూడియో గడియారానికి కట్టేస్తే ఏం మిగులుతుందో ఒగ్గు కథ విన్నవాడెవడైనా చెప్పగలడు. కథ వీరంగం ఎత్తుకునేసరికి కాలం అయిపోతుంది. వారం వారం, ఏడాది పొడుగునా ఒగ్గుకు ఒక కార్యక్రమం ఇద్దామన్న సోయి ఏ చానెల్‌కైనా వచ్చిందా? పండుగ పూట అరగంట, గణతంత్ర దినాన ఇంకో అరగంట. చిందోళ్లకు, శారదకాండ్రకు, గొల్లసుద్దులకు అదీ అంతంతమాత్రమే. వాటిని ఎవరూ రద్దు చేయలేదు. రద్దు చేసేంతగా ఎప్పుడూ నడపలేదు.

మేమేమీ పక్కోడి నవ్వును ద్వేషించేవాళ్లం కాదు. గుణ్ణం గంగరాజు నిర్మించిన ‘అమృతం’ 2001 నవంబర్‌లో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబర్ దాకా నడిచింది. ఆదివారం రాత్రి అన్నం ముందర పెట్టుకుని మేమూ చూసినం, మేమూ నవ్వినం. అయిపోయినప్పుడు ఇంకొన్నాళ్లు నడిస్తే బాగుండు అనుకున్నవాళ్లలో మా ఆఫీసులో సగం మంది ఉన్నారు. దానికి దాని అభిమానులున్నారు, దాని యజమానులున్నారు. అందుకే యూట్యూబ్‌లోకి వచ్చింది, 2020లో కొత్త అవతారం కూడా ఎత్తింది. మంచిదే. హైదరాబాద్ హోటల్ కథకు రెండో జన్మ దొరికితే మాకు కడుపుమంట లేదు. మాణిక్యాపురం కథకు మొదటి జన్మ పత్రం అయినా చూపించమంటున్నాం.

ఆగిపోవడానికి చానెళ్లు చెప్పే కారణం ఒక్కటే, రేటింగ్ లేదని. ఆ రేటింగ్ ఎట్లా పుడుతుందో ఉద్యోగ మిత్రులు, విద్యార్థులు తెలుసుకోవాలె. కొన్ని ఇండ్లలో టీవీకి మీటర్లు తగిలిస్తారు. ఆ ఇండ్లవాళ్లు ఏం చూస్తే దేశమంతా అదే చూసినట్టు లెక్క. 2010 నాటికి దేశం మొత్తానికి ఆ మీటర్లు సుమారు 8 వేలు. అన్నీ పట్నాల్లోనే. పల్లెలో ఒక్కటీ లేదు. ఆ ఏడు కేంద్రం వేసిన అమిత్ మిత్రా కమిటీ వాటిని 30 వేలకు పెంచాలని, అందులో సగం పల్లెల్లో పెట్టాలని సిఫారసు చేసింది. పల్లె చూపు లెక్కలోకి వచ్చింది 2015లో, బార్క్ వచ్చిన తర్వాత. అంటే ఉద్యమం ఉప్పెనలా లేచిన పదేండ్లూ కొడకండ్ల, గూడూరు, చిట్యాల టీవీ ముందు కూర్చుని చూసినా చూడనట్టే. మనం మెచ్చిన కార్యక్రమాన్ని ‘ఎవరూ చూడటం లేదు’ అని ఆపేసిన లెక్క ఇది. ఆ తర్వాత వచ్చిన లెక్కనైనా నమ్ముదామంటే, 2020లో రేటింగుల మోసం కేసు బయటపడి వార్తా చానెళ్ల రేటింగులనే ఏడాదిన్నర ఆపేయవలసి వచ్చింది.

మరి మన ఊర్లు తెర మీద కనిపించలేదా అంటే కనిపించాయి. మానుకోట 2010 మే 28న కనిపించింది. రైల్వే స్టేషన్‌లో జనం, రాళ్లు, పోలీసు కాల్పులు. ఆ రోజు ప్రతి చానెల్‌లో మానుకోటే. మరునాటికి మాయం. ఆ పట్నం చుట్టూ ఉన్న తండాల్లో పిల్లలు ఏ బడికి పోతున్నారో, మిర్చి రైతుకు ఏ ధర వస్తున్నదో చెప్పే కార్యక్రమం మాత్రం ఎవరూ మొదలుపెట్టలేదు. మానుకోట తెరకెక్కాలంటే రాయి లేవాలె అన్నట్టు అయింది.

భూపాలపల్లి కథ ఇంకొంచెం చమత్కారం. సెకండ్ షిఫ్టుకు దిగిన సింగరేణి కార్మికుడికి రాత్రి ఏడున్నర సీరియల్ ఎట్లా ముగిసిందో ఇంట్లో ఆడవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. ఆ కార్మికుడే 2011 సకల జనుల సమ్మెలో బాయి దిగనన్నడు. బొగ్గు ఆగింది, కరెంటు కోతలు వచ్చాయి, రాష్ట్రమంతా టీవీలు ఆరిపోయాయి. అన్ని చానెళ్ల సీరియళ్లనూ ఒక్కసారే ఆపిన ఘనత బొగ్గుబాయిదే! రేటింగ్ మీటరు లేని మనిషి కూడా కార్యక్రమాన్ని ఆపగలడని హైదరాబాద్‌కు అప్పుడు తెలిసింది.

ఆ కాలంలో చానెళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నది మేము చెప్తే కక్ష అంటారు. శ్రీకృష్ణ కమిటీ రహస్య ఎనిమిదో అధ్యాయంలో మీడియాను ఎట్లా దారికి తెచ్చుకోవాలో, ప్రకటనలను ఎట్లా వాడుకోవాలో రాసిన సంగతి 2011 మార్చిలో హైకోర్టులో జస్టిస్ ఎల్. నర్సింహారెడ్డి తీర్పుతో లోకానికి తెలిసింది. దానికి జవాబుగానే మన చానెళ్లు వచ్చాయి. 2011లో టీ న్యూస్, 2012లో వీ6. వీ6 ‘తీన్మార్ వార్తలు’లో మన యాస మొదటిసారి నవ్వించే పని మానకుండానే నిలదీసే పని కూడా పట్టింది. బిత్తిరి సత్తి ప్రశ్న అడిగితే నవ్వుకున్న మంత్రులు ఆ తర్వాత ఆలోచించుకున్నారు. 2019లో సత్తి ఆ చానెల్ వదిలిపోయినప్పుడు పల్లెల్లో జనం ఇంటి మనిషి అలిగిపోయినట్టు మాట్లాడుకున్నారు.

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలె. రాష్ట్రం వచ్చిన 2014 జూన్‌లోనే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు ఆపేశారు. మన శాసనసభ్యులను వెక్కిరిస్తూ టీవీ9లో వచ్చిన కార్యక్రమం మనందరినీ నొప్పించింది, నిజం. కానీ తెరను ఎవరో మూసేస్తే చప్పట్లు కొట్టిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. ఒకప్పుడు మన నోరు మూసినందుకు ఉద్యమం చేసిన మనం, అవతలి నోరు మూస్తే న్యాయమన్నాం. ఆ తర్వాత మన చానెళ్లలో ఎక్కువ పొద్దు నాయకుల ప్రెస్‌మీట్లకే పోయింది. ఒగ్గుకు పొద్దు దొరకలేదు. దీనికి సీమాంధ్ర పెట్టుబడిని ఎట్లా నిందిస్తాం?

ఇప్పుడు మా ఆందోళన ఇది. యాంటెన్నాతో ఉచితంగా వచ్చిన దూరదర్శన్ ప్రసారాలను 2021-22లో దేశమంతా దాదాపుగా మూసేశారు. ఇప్పుడు డిష్ ఉండాలె, కేబుల్ ఉండాలె, లేకుంటే ఫోను ఉండాలె. పాత యంత్రాలతోపాటు పాత టేపుల గతేమిటి? బ్రిటన్‌లో బీబీసీ అంతటి సంస్థ 1960లు, 70లలో టేపుల ఖర్చు మిగుల్చుకోవడానికి పాత కార్యక్రమాలను చెరిపేసింది. ‘డాక్టర్ హూ’ భాగాలు దాదాపు వంద ఇప్పటికీ దొరకలేదు. అక్కడ అభిమానులు ఇండ్లల్లో రికార్డు చేసుకున్న మాటలైనా మిగిలాయి. సత్తయ్య ఒగ్గును దూరదర్శన్‌లో చూస్తూ ఇంట్లో రికార్డు చేసుకునే స్తోమత పాలకుర్తిలో ఎంతమందికి ఉండె?

2014 నుంచి మనకు డీడీ యాదగిరి ఉంది. 1977 నుంచి హైదరాబాద్ కేంద్రంలో రికార్డు చేసిన ఒగ్గు కథ, చిందు భాగవతం, శారద కథ, గొల్లసుద్దుల టేపులు ఎన్ని, అందులో ఎన్ని గంటలు ఈ రోజు చూడదగ్గ స్థితిలో ఉన్నాయి, చెరిగిపోయినవి ఏవి? ఈ జాబితా బయట పెట్టాలె. ఉన్నవాటిని వారానికో గంట చొప్పున మళ్లీ వేయాలె. జనగామ భువనగిరి పార్లమెంటు కింద ఉంది, భూపాలపల్లి వరంగల్ కింద, మహబూబాబాద్ తనకు తానే నియోజకవర్గం. ముగ్గురు ఎంపీలూ ప్రసార భారతికి ఒక్కో లేఖ రాయడానికి ఒక పూట చాలు.

ఎంపీలు రాసేదాకా విద్యార్థులు ఆగనక్కరలేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. మూడు జిల్లాల డిగ్రీ కాలేజీల నుంచి ఒక్కో తరగతికి ఒక్కో దరఖాస్తు పోవాలె. నమూనా పత్రం వచ్చే వారం మూడో పేజీలో అచ్చు వేస్తున్నాం. కత్తిరించుకొని సంతకం పెట్టడమే మీ పని.