ఉండిపోవడం వేరు.. నిలబడటం వేరు

‘ఇంకా అదే కంపెనీలోనా?’

పెళ్లిలోనో, కాలేజీ ఫ్రెండ్స్ కలిసినప్పుడో ఈ ప్రశ్న మీకు ఎదురయ్యే ఉంటుంది. అడిగేవాళ్ల గొంతులో కాస్త జాలి కూడా ఉంటుంది. రెండేళ్లకో జంప్, జంప్‌కో హైక్.. ఇదీ ఇవాళ మన కెరియర్ లెక్క. ఒకేచోట అయిదేళ్లు ఉన్నారంటే చేతకానివాళ్ల కింద జమ కట్టేస్తున్నారు. ఇంట్లో నాన్నది ఇంకో పాట: ‘చేరినచోటే కుదురుగా ఉండు’. ఒకరు పొమ్మంటారు, ఒకరు ఉండమంటారు. ఎప్పుడు పోవాలో, ఎందుకు ఉండాలో మాత్రం ఇద్దరూ చెప్పరు.

ఈ తగువుకు నాకు నచ్చిన జవాబు ఓ ఫుట్‌బాల్ క్రీడాకారిణి దగ్గర దొరికింది. పేరు జెస్ ఫిష్‌లాక్. పుట్టింది వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. ఆడే చోటు మైదానం మధ్యభాగం, అంటే మిడ్‌ఫీల్డర్. అమెరికాలో మహిళల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ మొదలైన 2013లోనే సియాటెల్ రెయిన్ క్లబ్‌లో చేరింది. 2025 సీజన్‌లోనూ అదే క్లబ్‌కు ఆడింది. సియాటెల్ అంటే మీకు తెలియనిదేం కాదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలతో మనవాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ప్రాంతం. మీ అన్నయ్యో, అక్కో, బాబాయో అక్కడ ఉండే ఉంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఫిష్‌లాక్ ఆట చూశారా అని అడగండి. చూడకపోతే చూడమనండి.

పది మ్యాచ్‌లు.. సున్నా గెలుపులు

ఆమె చేరిన రోజున ఆ లీగ్ నిలుస్తుందన్న నమ్మకం చాలామందికి లేదు. అంతకుముందున్న మహిళల లీగ్ మూడు సీజన్లకే మూతపడింది. కొత్తదాంట్లో కనీస వేతనం సీజన్‌కు 6 వేల డాలర్లు. అప్పటి మారకంతో మన లెక్కన మూడున్నర లక్షలకు అటూఇటూ. అమెరికాలో అద్దెకు కూడా చాలని డబ్బు. చాలామంది క్రీడాకారిణులు వేరే ఇళ్లలో గది తీసుకుని, చిన్నాచితకా పనులు చేసుకుంటూ ఆడేవాళ్లు.

జట్టు పరిస్థితీ అంతే. మొదటి సీజన్‌లో తొలి పది మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా గెలవలేదు. ఎనిమిది జట్లలో ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. మీరే ఆ జట్టులో ఉన్నారనుకోండి. కొత్త స్టార్టప్, తక్కువ జీతం, మొదటి ఏడాదే చేతులెత్తేసిన ప్రాజెక్టు. లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ అని పెట్టడానికి ఇంతకంటే కారణం కావాలా?

ఫిష్‌లాక్ ఉండిపోయింది. మరుసటి ఏడాది, 2014లో అదే జట్టు తొలి 16 మ్యాచ్‌ల్లో ఓటమన్నదే లేకుండా ఆడింది. లీగ్ పట్టికలో అగ్రస్థానంలో నిలిచినవారికిచ్చే షీల్డ్ గెలిచింది. 2015లో మళ్లీ గెలిచింది. ఆ తర్వాత 2022లో ఇంకోసారి.

ఇక్కడితో ఆపితే ఇది కాలేజీ సెమినార్లలో చెప్పే కథలా ఉంటుంది. ‘ఓపిక పట్టారు, ఫలితం వచ్చింది’ అని చప్పట్లు కొట్టేయొచ్చు. కానీ అసలు విషయం వేరే ఉంది. షీల్డ్ తర్వాత జరిగే నాకౌట్ పోటీల్లో గెలిస్తేనే ఛాంపియన్. ఆ ఫైనల్‌కు రెయిన్ మూడుసార్లు వెళ్లింది: 2014, 2015, 2023. మూడుసార్లూ ఓడింది. సియాటెల్ తరఫున అంతకాలం ఆడినా ఆ కప్పు మాత్రం అందలేదు. అయినా సియాటెల్ అభిమానులు ఆమెను తమ మనిషిగానే చూసుకుంటారు. ఎందుకు?

పేరు మారింది, ఊరు మారింది

అభిమానుల వైపు నుంచి చూడండి. వాళ్ల క్లబ్ మొదటి ఏడాది సియాటెల్ శివారులోని టుక్విలాలో ఆడింది. తర్వాత నగరం నడిబొడ్డున ఉన్న పాత మెమోరియల్ స్టేడియానికి వచ్చింది. 2019లో ఏకంగా పొరుగూరు టకోమాకు మారి బేస్‌బాల్ మైదానంలో ఆడింది. 2022లో మళ్లీ సియాటెల్‌కు, లూమెన్ ఫీల్డ్‌కు చేరింది. పేరు కూడా అంతే. సియాటెల్ రెయిన్ కాస్తా రెయిన్ ఎఫ్‌సీ అయింది. యజమానులు మారడంతో ఓఎల్ రెయిన్ అయింది. 2024లో తిరిగి పాత పేరుకే వచ్చింది. కోచ్‌లు మారారు. తోటి క్రీడాకారిణులు వచ్చారు, వెళ్లారు.

ఒక అమ్మాయి పదేళ్ల వయసులో నాన్న చేయి పట్టుకుని మొదటి మ్యాచ్ చూసిందనుకోండి. ఆమె డిగ్రీలోకి వచ్చేసరికి మైదానం వేరు, బోర్డు మీద పేరు వేరు, లోగో వేరు. మధ్యలో పరిగెడుతున్న ఆ పొట్టి మనిషి మాత్రం అదే మనిషి. అభిమానం ఇలాంటి చోటే వేళ్లూనుకుంటుంది. మొదటి ఏడాది నుంచి క్లబ్‌తో ఉన్నవాళ్లు ముగ్గురే మిగిలారు: మేగన్ రాపినో, లారెన్ బార్న్స్, ఫిష్‌లాక్. రాపినో ప్రపంచ ప్రఖ్యాత ఫార్వర్డ్. 2023 ఫైనల్‌తో ఆమె రిటైరైంది. ఆమె పేరు ఫుట్‌బాల్ చూడనివాళ్లకూ తెలుసు. ఫిష్‌లాక్ పేరు చూసేవాళ్లకే తెలుసు.

మిడ్‌ఫీల్డర్ బతుకే అంత. గోల్ కొట్టినవారి ఫొటో పేపర్‌లో వస్తుంది. పెనాల్టీ ఆపిన గోల్‌కీపర్ పేరూ వస్తుంది. ప్రత్యర్థి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కుని, నలుగురి మధ్య ఖాళీ వెతికి, గోల్ కొట్టేవారికి అందించేది మాత్రం మధ్యలో ఉన్నవాళ్లు. ముందుకు వెళ్లాలి, వెంటనే వెనక్కీ రావాలి. ఎక్కువ దూరం పరిగెత్తేదీ సాధారణంగా వాళ్లే. మీ ఆఫీసులోనూ ఒకరుంటారు. క్లయింట్ ముందు డెమో ఇచ్చేది వేరేవాళ్లు. రాత్రి కూర్చుని బగ్ సరిచేసింది వేరేవాళ్లు. ఆ రెండో మనిషిని గుర్తుపట్టేవాళ్లే అసలైన అభిమానులు.

ఖాళీగా కూర్చోలేదు

‘ఒకేచోట ఉంటే తుప్పు పట్టిపోతాం కదా?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడే ఫిష్‌లాక్ కెరియర్‌ను జాగ్రత్తగా చూడాలి.

అమెరికా లీగ్ వసంతం నుంచి శరదృతువు వరకే ఉంటుంది. మిగతా నెలలు సెలవులే. ఆ సెలవుల్లో ఆమె లోన్‌పై, అంటే తాత్కాలిక ఒప్పందంపై వేరే దేశాల క్లబ్‌లకు వెళ్లి ఆడేది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఆడింది. ఆ సీజన్‌లోనే, 2015లో, ఆ క్లబ్ యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2019లో అదే టైటిల్ గెలిచిన ఫ్రాన్స్ క్లబ్ లియాన్‌లోనూ ఆమె సభ్యురాలే. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ సిటీకి ఆడుతూనే కోచింగ్ బాధ్యతలూ మోసింది. వేర్వేరు దేశాల ఆట, వేర్వేరు రకాల శిక్షణ. నేర్చుకున్నదంతా మూటగట్టుకుని మళ్లీ సియాటెల్‌కే వచ్చింది.

బయటి తలుపులు ఆమెకు ఎప్పుడూ మూసుకుపోలేదు. యూరప్‌లో ఉండిపోవాలంటే ఉండగలిగే ఆటే ఆమెది. వెళ్లగలిగీ రావడం వేరు, వెళ్లలేక ఉండటం వేరు. చాలామంది ‘నాకు కంపెనీ అంటే లాయల్టీ’ అంటారు. నిజానికి అది ఇంటర్వ్యూ అంటే భయం. రెజ్యుమే తెరిచి మూడేళ్లయితే అది విశ్వాసం కాదు, అలవాటు.

2019లో ఆమె మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. వయసు 32. ఫుట్‌బాల్‌లో ఆ వయసులో ఆ గాయమంటే చాలామంది బూట్లు పక్కన పెట్టేస్తారు. కోలుకున్నాక లయ అందుకోవడానికి ఇంగ్లండ్‌లో రీడింగ్ క్లబ్‌కు లోన్‌పై ఆడింది. 2021లో, 34 ఏళ్ల వయసులో అమెరికా లీగ్ మొత్తానికి అత్యంత విలువైన క్రీడాకారిణి అవార్డు అందుకుంది. గాయపడ్డప్పుడు వదిలేయని క్లబ్, కోలుకున్నాక వదిలేయని క్రీడాకారిణి. విశ్వాసం రెండువైపులా ఉంటే ఇలాగే ఉంటుంది.

విశ్వాసమంటే నోరు మూసుకోవడం కాదు

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. యాజమాన్యాలకు ‘లాయల్టీ’ అనే మాట చాలా ఇష్టం. జీతం పెంచమంటే గుర్తుచేస్తాయి, లే ఆఫ్‌ల రోజున మాత్రం మర్చిపోతాయి. ఈ లీగ్ కూడా అందుకు మినహాయింపు కాదు. చాలా ఏళ్లపాటు క్రీడాకారిణిని ఆమె సమ్మతి లేకుండానే ఇంకో నగరం క్లబ్‌కు మార్చేసేవాళ్లు. కొత్తగా వచ్చేవాళ్లు ఏ జట్టుకు వెళ్లాలో డ్రాఫ్ట్ పద్ధతిలో క్లబ్‌లే తేల్చేవి. ఇల్లు, చదువు, కుటుంబం.. ఏదీ లెక్కలోకి వచ్చేది కాదు.

2021లో పలు క్లబ్‌ల కోచ్‌ల వేధింపులు బయటపడ్డాయి. అప్పుడు క్రీడాకారిణులు మ్యాచ్ ఆరో నిమిషంలో ఆట ఆపేసి, మైదానం మధ్య వృత్తంలో ఒకరి భుజాలపై ఒకరు చేతులేసుకుని నిలబడ్డారు. ఆటను ప్రేమించేవాళ్లే ఆటను ఆపారు. ఆ తర్వాత వాళ్ల యూనియన్ పోరాడి 2022లో కనీస వేతనాన్ని 35 వేల డాలర్లకు పెంచుకుంది. 2024 ఒప్పందంలో డ్రాఫ్ట్ రద్దయింది. క్రీడాకారిణి ఒప్పుకోకుండా క్లబ్ మార్చకూడదన్న నిబంధన వచ్చింది.

పనిని ప్రేమించడం, సంస్థను ప్రశ్నించడం ఒకదానికొకటి శత్రువులు కావు. ఉండాలనుకునేవాళ్లే ఆ చోటును బాగుచేయడానికి పోరాడతారు. వెళ్లిపోయేవాళ్లకు ఆ బాధ అక్కర్లేదు.

పందొమ్మిదేళ్ల ఎదురుచూపు

దేశం విషయంలోనూ ఆమెది అదే తీరు. 2006లో వేల్స్ జట్టులోకి వచ్చింది. ఆ మహిళల జట్టు అప్పటిదాకా ఒక్క పెద్ద టోర్నీకీ అర్హత సాధించలేదు. ఏళ్లు గడిచాయి. వందో అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. పురుషుల్లోగానీ, మహిళల్లోగానీ వేల్స్ తరఫున ఆ మైలురాయి చేరిన మొదటి వ్యక్తి ఆమే. టోర్నీ మాత్రం అందలేదు. చివరికి 2024 డిసెంబరులో డబ్లిన్‌లో ఐర్లండ్‌ను ఓడించి వేల్స్ యూరో 2025కు వెళ్లింది.

స్విట్జర్లాండ్‌లో, జులై 9న, ఫ్రాన్స్‌తో మ్యాచ్. 13వ నిమిషంలో ఫిష్‌లాక్ బంతిని నెట్‌లోకి కొట్టింది. లైన్ రిఫరీ ఆఫ్‌సైడ్ అంటూ జెండా ఎత్తారు. వీడియో పరిశీలించి గోల్ ఇచ్చారు. పెద్ద టోర్నీలో వేల్స్ మహిళలకు అదే మొదటి గోల్. అప్పటికి ఆమెకు 38 ఏళ్లు. మహిళల యూరోలో అంత పెద్ద వయసులో గోల్ కొట్టినవారు అంతకుముందు లేరు. మ్యాచ్ 1-4తో ఓడారు. ఆ టోర్నీలో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడారు. అయినా ఎర్ర జెర్సీల అభిమానులకు ఆ ఒక్క గోల్ చాలు. 166 మ్యాచ్‌లు, 48 గోల్స్‌తో రెండింట్లోనూ దేశ రికార్డు పెట్టి, 2025 అక్టోబరులో సొంతూరు కార్డిఫ్‌లో ఆస్ట్రేలియాతో ఆడి ఆమె అంతర్జాతీయ ఆటకు సెలవు చెప్పింది.

మీరు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు

ఇదంతా చదివి రేపు వచ్చిన ఆఫర్ లెటర్ చింపేయమని నేను చెప్పట్లేదు. అప్పులున్నవాళ్లకు, ఇంటి బాధ్యతలున్నవాళ్లకు హైక్ అంటే అత్యాశ కాదు, అవసరం. వెళ్లాల్సి వస్తే వెళ్లండి. కాకపోతే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఇవాళ బయటకు వెళ్లాలంటే వెళ్లగలనా? ‘లేదు’ అని జవాబొస్తే మీరు ఉండట్లేదు, ఇరుక్కున్నారు. ముందు నైపుణ్యం పెంచుకోండి.

రెండు: గత ఏడాదిలో ఇక్కడ కొత్తగా ఏం నేర్చుకున్నాను? ఏమీ లేకపోతే ఫిష్‌లాక్ సెలవుల్లో చేసినట్టు బయట నేర్చుకోండి. వారాంతపు కోర్సు కావచ్చు, వేరే టీమ్‌తో కొన్నాళ్ల పని కావచ్చు.

మూడు: నేను పడిపోయిన రోజున వీళ్లు నిలబడతారా? జబ్బు చేసినప్పుడో, ప్రసూతి సెలవప్పుడో, ప్రాజెక్టు దెబ్బతిన్నప్పుడో మీ తోటివాళ్లతో ఎలా ఉన్నారో చూడండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

మూడింటికీ మంచి జవాబే వస్తే, ‘ఇంకా అక్కడేనా’ అని అడిగినవాళ్లకు తలెత్తుకుని ‘అవును’ అనండి.

చివరగా అభిమానులుగా మనమూ ఓ పని చేద్దాం. 2025 జులై 5న థాయ్‌లాండ్‌లో, ఆ దేశ జట్టునే 2-1తో ఓడించి భారత మహిళలు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. మన రెండు గోల్సూ కొట్టింది మిడ్‌ఫీల్డర్ సంగీత బస్ఫోర్. ఆ పేరు మీలో ఎంతమంది విన్నారు? మన నిజామాబాద్ జిల్లా నుంచి జాతీయ జట్టుదాకా వెళ్లిన గుగులోతు సౌమ్య ఆట ఎంతమంది చూశారు? రిటైరయ్యాక పోస్టు పెట్టి దండం ఎమోజీ కొట్టడం తేలికే. వాళ్లు ఆడుతున్నప్పుడే ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడండి. బంతి వెంట కాకుండా, మధ్యలో ఉన్న ఒక్క మనిషి వెంటే పది నిమిషాలు కళ్లు పెట్టండి. సోమవారం ఆఫీసుకు వెళ్లాక, మీ టీమ్‌లో అలా పరిగెడుతున్నది ఎవరో మీకే తెలిసిపోతుంది. టీ తాగుతూ వాళ్లకో థ్యాంక్స్ చెప్పండి.