లంకలు దాటే నర్సమ్మకు అండ

గోదారి పొంగి కాజ్‌వేలు మునిగితే కోనసీమ లంకలకు నర్సమ్మ పడవెక్కి వెళ్లాల్సిందే. భుజాన వ్యాక్సిన్ డబ్బా, మోకాలి దాకా బురద. ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో ఆమెకు తెలుసు. మరి ఆమెకే ఒంట్లో బాగోలేకపోతే అడిగేదెవరు?

నర్సుల సంఘమే అడగాలి.

ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పుట్టింది 1908లో. జీతాల కోసం కొట్లాట ఎలాగూ తప్పదు, కానీ సంఘం పని అక్కడితో ఆగకూడదు. హెచ్‌ఐవీ, క్షయ చుట్టుముట్టిన స్వాజీలాండ్‌లో (నేటి ఎస్వాతిని) 2006లో నర్సుల సంఘం చొరవతో వైద్య సిబ్బంది కోసమే ఒక ఆరోగ్య కేంద్రం వెలిసింది. అంత చిన్న దేశం చేసింది!

అమలాపురం, రాజోలు, కొత్తపేట నర్సులకు, కాంట్రాక్టు వారితో సహా, పరీక్షలకూ మనసు విప్పి మాట్లాడుకోవడానికీ అలాంటి చోటు కావాలి. సంఘం పూనుకోవాలి, జిల్లా యంత్రాంగం వెంటనే ఒక గది ఇవ్వాలి.