పరుగు బ్యాచ్, దండీల బ్యాచ్ ఒక్కటి కావాలి



వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాయడం మన హాస్టల్ ఆనవాయితీ. ఈసారి మేము ఒంటి గురించి రాయదలచుకున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్ళం మేము. మా నాన్నలు మూటలు మోసినవాళ్ళు. మా అమ్మలు ఊడ్పులకు, ఉపాధి హామీ పనులకు వెళ్ళినవాళ్ళు. అలాంటి ఇళ్ళల్లో బలం అంటే ఆ రోజు కూలి డబ్బులే. సెలవులకు ఇంటికెళ్ళి వీధిలో దండీలు తీస్తుంటే, "చేలో చేసింది చాల్నేదేటి, మళ్ళీ ఇదొకటా?" అని మా నాయనమ్మ నవ్వేది. ఆమె మాటలో తప్పు లేదు. కానీ కష్టం వేరు, శిక్షణ వేరు. కష్టం ఒంటిని అరగదీస్తుంది. పద్ధతిగా చేసిన శిక్షణ ఒంటిని నిలబెడుతుంది. ఈ తేడా తెలుసుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఈ వ్యాసం.

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో రెండు బ్యాచ్‌లు ఉండేవి. ఒకటి పరుగు బ్యాచ్. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి తారు రోడ్డు మీద పరిగెత్తేవాళ్ళు. రెండోది దండీల బ్యాచ్. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు డాబా మీద దండీలు, బస్కీలు తీసి, వేపకొమ్మకు వేలాడి పుల్-అప్స్ కొట్టేవాళ్ళు. ఒకరంటే ఒకరికి పడేది కాదు. "కండలు పెంచితే కాళ్ళు బరువెక్కుతాయి" అని వీళ్ళు, "పరిగెత్తి పరిగెత్తి పుల్లల్లా అయిపోయారు" అని వాళ్ళు ఎగతాళి చేసుకునేవారు.

ఆ ఎగతాళికి జవాబు ఆర్మీ ర్యాలీలో దొరికింది. అక్కడ ముందు 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు. ఆ తర్వాత బీమ్ దగ్గరికి వెళ్ళాలి. 10 పుల్-అప్స్ తీస్తే 40 మార్కులు. ఇంకా 9 అడుగుల గోతి దూకాలి, జిగ్‌జాగ్ దుంగ మీద నడవాలి. పరుగు బ్యాచ్‌లో అందరికంటే ముందుండే మిత్రుడు పరుగులో మొదటి గుంపులో వచ్చాడు. బీమ్ మీద నాలుగో పుల్-అప్‌కి చేతులు వదిలేశాడు. దండీల బ్యాచ్‌లో పదిహేను పుల్-అప్స్ తీయగలిగిన మిత్రుడికి బీమ్ చూసే అదృష్టం కూడా దక్కలేదు. ఆఖరి రౌండులో వెనకబడి గ్రౌండ్ బయటికి వచ్చేశాడు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చుని తిరిగొచ్చారు. దారిపొడవునా ఒక్కమాట మాట్లాడుకోలేదు. ఒకరి దగ్గర ఉన్నది రెండోవారికి లేదు. రెండేళ్ళు ఒకే గదిలో పడుకుని కూడా ఇచ్చిపుచ్చుకోలేదు.

మన నేలకు కసరత్తు కొత్త కాదు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మన ఊళ్ళల్లో తాలింఖానాలు ఉండేవి. పండగలకు సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు ఇప్పటికీ పెడుతున్నారు. ఆమదాలవలసలో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి గారు 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం అందుకున్నారు. తాలింఖానాలో ఎవరూ ఒంటరిగా చేయరు. ఒకరు లెక్కపెడతారు, ఒకరు నడుం సరిచేస్తారు, ఒకరు సిగ్గుపడేలా చేస్తారు. మిత్రులారా, మన హాస్టల్‌కి జిమ్ లేదు కానీ ఆ మనుషులున్నారు. డబ్బున్నవాళ్ళు నెలనెలా ఫీజు కట్టి చేరే గ్రూపు క్లాసు మనకు డాబా మీదే ఉంది.

ర్యాలీ అయిన మరుసటి ఏడాది రెండు బ్యాచ్‌లనూ కలపాలనుకున్నాం. కలిపి ఉంచడానికి ఒక లక్ష్యం కావాలి. వైజాగ్ బీచ్ రోడ్డులో జరిగే నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్ల పరుగు ఉంటుందని ఒక సీనియర్ చెప్పారు. ఉద్యోగం చేస్తున్న అన్నయ్యలు చందా వేసుకుని ఫీజు కట్టారు. పదకొండు మందిమి పేర్లిచ్చాం. చేతిలో పద్నాలుగు వారాలున్నాయి.

మొదట చేసిన తప్పు కూడా చెప్పాలి. రెండూ మంచివే కదా అని రెండూ రోజూ చేశాం. మూడో వారంలో శుక్రవారం సాయంత్రం పందెం వేసుకుని తలా రెండొందల బస్కీలు తీసి, శనివారం పొద్దున్నే ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తాం. ఆదివారానికి సగం మంది మెట్లు దిగలేకపోయారు. మందుల షాపు నుంచి నొప్పి బిళ్ళలు తెచ్చి పంచుకున్నాం. మాలో ఒకడిది ఉద్దానం. ఫోన్లో వాళ్ళమ్మతో మాటల్లో ఆ సంగతి అన్నాడు. ఆవిడ కేకలు స్పీకర్ పెట్టకుండానే గదంతా వినబడ్డాయి. "ఒరే బాబూ, ఆ బిళ్ళలు మింగీకురా! మీ మావయ్యని చూణ్ణేదేటి?" ఆ మావయ్య డయాలసిస్ మీద ఉన్నాడు.

ఈ మాట మీరు జ్ఞాపకం పెట్టుకోవాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు అంతగా ఉందో ఒక్క కారణం ఇంతవరకు తేలలేదు. కానీ నొప్పి మాత్రలు అదేపనిగా వాడితే కిడ్నీలకు చెరుపని వైద్యులందరూ చెప్పే మాటే. ఎండలో చెమట కారి, నీళ్ళు తాగకుండా, పైన ఆ మాత్రలు మింగితే ప్రమాదం ఇంకా ఎక్కువ. నొప్పి వస్తే రెండు రోజులు ఆగాలి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. బిళ్ళ మింగి పరిగెత్తడం మగతనం కాదు.

ఆ వారం ఆగిపోయాక చదవడం మొదలుపెట్టాం. యూనివర్సిటీలో చేరాక మాకు అలవాటైన మంచి పని అదొక్కటే, దేనికైనా పుస్తకాలు వెతకడం. 1980లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు కొందరిచేత బలం వ్యాయామాలు, కొందరిచేత ఓర్పు వ్యాయామాలు, మరికొందరిచేత రెండూ పది వారాలు చేయించాడు. రెండూ చేసినవారికి ఓర్పు బాగానే పెరిగింది. కాళ్ళ బలం మాత్రం ఏడెనిమిది వారాల వరకు పెరిగి, ఆపైన తగ్గుముఖం పట్టింది. వాళ్ళు బలానికి వారంలో ఐదు రోజులు, ఓర్పుకి ఆరు రోజులు చేశారు మరి. ఒంటికి తేరుకునే వ్యవధి ఏదీ? మేము మూడో వారంలో చేసిన పొరపాటూ అదే.

1999లో ఫిన్లాండ్‌లో లీనా పావోలైనెన్ బృందం ఇంకో రకంగా చేసింది. పరుగు వీరులకు మామూలు శిక్షణపైన అదనంగా ఏమీ రుద్దలేదు. ఆ శిక్షణ సమయంలోనే సుమారు మూడో వంతు తీసి దూకుళ్ళు, పొట్టి వేగపు పరుగులు, తేలికపాటి బరువులతో చురుకైన వ్యాయామాలు పెట్టింది. తొమ్మిది వారాల తర్వాత వాళ్ళ 5 కిలోమీటర్ల సమయం మెరుగుపడింది. వాళ్ళు పీల్చుకోగల ప్రాణవాయువు పరిమాణం పెరగలేదు. పెరిగింది అడుగులోని పొదుపు. అంటే అదే వేగానికి తక్కువ ఖర్చు. పరుగులో ప్రతి అడుగుకీ మన బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ కాలి మీద పడుతుంది. పిక్క, తొడ, నడుం గట్టిగా ఉంటే ఆ దెబ్బను బంతిలా తిప్పికొడతాం. లేకపోతే బురదలో అడుగులా కూరుకుపోతాం.

ఈ రెండింటి నుంచి మేము నేర్చుకున్న సూత్రం ఒకటే. కలపాలి, కానీ ఒకదాని మీద ఒకటి పోయకూడదు. ఇక మా వారం ఇలా మారింది. సోమవారం, గురువారం సాయంత్రం అందరూ కలిసి నలభై నిమిషాలు బలం క్లాసు. దండీలు, బస్కీలు, ఒంటికాలి మీద మెట్టు ఎక్కడం, పిక్కలు లేపడం, ఇసుక సంచి ఎత్తడం, పుల్-అప్స్. మంగళవారం మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నిదానంగా పరుగు. బుధవారం వేగం పరుగు. శుక్రవారం విశ్రాంతి. శనివారం పొద్దున్న దూరం పరుగు, అది కూడా వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ. ఆదివారం సెలవు. ఎప్పుడైనా ఒకే రోజు రెండూ చేయాల్సివస్తే పొద్దున్న పరుగు, సాయంత్రం కసరత్తు. పందెం వారంలో బస్కీలు పూర్తిగా బంద్.

"కసరత్తు చేస్తే బరువు పెరిగి పరుగు తగ్గదా?" అని తమ్ముళ్ళు అడుగుతుంటారు. వారానికి రెండు రోజుల దండీలతో, మన మెస్ తిండితో ఎవరూ పహిల్వాన్లు అయిపోరు. మనకున్న భయం బరువు పెరగడం కాదు, తిండి చాలకపోవడం. గుడ్డు వదిలేయవద్దు. చోడి అంబలి చిన్నచూపు చూడవద్దు. పప్పు రెండోసారి అడగడానికి సిగ్గుపడవద్దు. రాత్రి పదికల్లా పడుకోండి. ఫోన్ చూస్తూ పన్నెండుకి పడుకుని నాలుగున్నరకి లేచేవాడికి ఏ శిక్షణా పనిచేయదు.

ఇక చెల్లెళ్ళ మాట. మల్లీశ్వరి గారు సిడ్నీలో ఒక్క ఎత్తుకి 130 కిలోలు లేపి పాతికేళ్ళు దాటింది. ఈనాటికీ మన ఆడపిల్లల హాస్టళ్ళల్లో సాయంత్రమైతే గేటుకు తాళం. కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగు అబ్బాయిలకూ ఉంది, అమ్మాయిలకూ ఉంది. గ్రౌండ్ మాత్రం అబ్బాయిలకే ఉంది. ఒంటరిగా పంపడానికి భయమంటే అర్థముంది. ఇరవై మంది గుంపుగా, ఒక అక్క వెంట ఉండగా పక్క స్కూలు మైదానానికి వెళ్తే భయమేమిటి? వార్డెన్ గార్లకు మా విన్నపం ఇదొక్కటే. వారానికి మూడు సాయంత్రాలు గంటసేపు ఆ గేటు తీయించండి. బలం క్లాసుకు గేటు కూడా తీయక్కర్లేదు, కాంపౌండ్ చాలు.

అబ్బాయిలకూ గుంపు అవసరమే. చీకట్లో హైవే పక్కన ఒంటరిగా పరిగెత్తడం ఎంత ప్రమాదమో లారీలు చూసినవారికి చెప్పక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ ఎంపికకు 5 కిలోమీటర్ల పరుగు ఉన్న రోజుల్లో ట్రాక్ మీద కుప్పకూలి ప్రాణాలు పోగొట్టుకున్న అభ్యర్థులున్నారు. తర్వాత ఆ పరుగు తీసేశారు. నోటిఫికేషన్ వచ్చాక నెల రోజుల్లో ఒంటిని తయారుచేసుకోవచ్చనుకోవద్దు. ఇంటర్‌లోనే నెమ్మదిగా మొదలుపెట్టండి. గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే దాచవద్దు. ఆ మాట పక్కవాడు గమనించి చెప్పడానికే గుంపు.

మారథాన్ రోజున పదకొండు మందిమీ 10 కిలోమీటర్లు పూర్తిచేశాం. మా ఆఖరివాడికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. వాడు దండీల బ్యాచ్ వాడే. పరుగు బ్యాచ్ మిత్రుడు ముందే పూర్తిచేసి, వెనక్కి వచ్చి, ఆఖరి అర కిలోమీటరు రోడ్డు పక్కనే వాడితో పాటు పరిగెత్తాడు. అప్పుడు బస్సులో ఒక్కమాట మాట్లాడుకోని ఆ ఇద్దరే వీళ్ళు.

అన్నీ మంచిగానే ముగిశాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. ఆ ఇద్దరిలో ఒకడు తర్వాత కానిస్టేబుల్ అయ్యాడు. రెండోవాడికి మేము దారి కనుక్కునేసరికి ఆర్మీ వయసు దాటిపోయింది. ఇప్పుడు ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేస్తున్నాడు. సెలవు దొరికిన ఆదివారం ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు. కసరత్తు ఉద్యోగాలు పుట్టించదు. ఉన్న పోస్టులు తక్కువ, వెళ్ళేవాళ్ళు వేలల్లో ఉన్నారు. కానీ నాలుగు పుల్-అప్స్ దగ్గర, ఒక్క రౌండు దగ్గర మన తమ్ముడు వెనక్కి రాకుండా ఆపే శక్తి మన డాబా మీదే ఉంది. దానికి డబ్బు అక్కర్లేదు, ఒకరికొకరు నేర్పుకునే మనసు చాలు.

వచ్చే సోమవారం సాయంత్రం ఐదున్నరకు డాబా మీద కలుద్దాం. పరుగు బ్యాచ్ వాళ్ళు దండీలకు రావాలి. మంగళవారం పొద్దున్న దండీల బ్యాచ్ వాళ్ళు పరుగుకు రావాలి. లెక్కపెట్టడానికి మేము వస్తాం.

— మీ పూర్వ విద్యార్థి, పి.జి. రెండో సంవత్సరం