నడుం లోతు నీళ్ళే కదా!

మొన్న సంక్రాంతికి కైకలూరు వెళ్తూ ఇద్దరు కొలీగ్స్‌ని కూడా తీసుకెళ్ళాను. పొద్దున పెద్ద బోటులో బుద్ధిగా లైఫ్ జాకెట్లు వేసుకున్నవాళ్ళే, సాయంత్రం కొల్లేటి కాలవలో తాటిదోనె ఎక్కేటప్పుడు "నడుం లోతు నీళ్ళకి జాకెట్టెందుకు బాస్" అన్నారు. నేనూ నవ్వేశాను. తప్పు నాదే.

మధ్యలో ఒకడు ఫొటో కోసం లేచి నిలబడ్డాడు. అంతే, దోనె బోల్తా! నీళ్ళు నడుం లోతే. కానీ అడుగున బురదలో కాళ్ళు దిగబడిపోయాయి, పైన గుర్రపుడెక్క చుట్టుకుంది. దోనె నడిపే బాబాయి గెడ అందించబట్టి బయటపడ్డాం.

తాటిమాను తొలిచి చేసిన దోనెకి అడుగు గుండ్రం, వెడల్పు తక్కువ. కూర్చుంటే పడవ, నిలబడితే ఉయ్యాల. పైగా కాలవ ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు చేరేది ఈ కొల్లేటికే.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక జాకెట్ల గురించి అందరం తెగ మాట్లాడాం. ఆ భయమంతా పెద్ద నదికే, పిల్లకాలవకి లేదు. నేననేది ఇదే: లోతు చూసి కాదు, దోనెను చూసి జాగ్రత్తపడాలి. జాకెట్ బకిల్ పెట్టుకోండి, లేచి నిలబడకండి, వానాకాలం వెళ్ళకండి, బోల్తాపడితే దోనెను వదలకండి.

ట్రెక్కింగ్ బూట్లకి వేలు పోసే మనం ఒక్క జాకెట్టు కొనుక్కోలేమా? ఏమంటారు?