ముట్టు నిలిచాక కనిపించే నెత్తురు

ముట్టు ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ నెత్తురు కనిపిస్తే ఏం చేయాలి? మహానంది చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళతో మాట్లాడినప్పుడు నాకు ముఖ్యంగా రెండు జవాబులు వినిపించాయి. ఒకటి, 'వేడి చేసింటుంది, ఊరుకో'. రెండోది, 'గర్భసంచి తీయించుకుంటే పీడా పోతుంది'. ముట్టు నిలిచిందంటే గుడికీ పూజకూ అడ్డులేదన్న నిశ్చింత వస్తుంది. అది పోతుందన్న భయంతో కూడా చాలామంది ఈ సంగతి దాచుకుంటారు. ఈ మౌనానికీ ఆ కత్తికీ మధ్య ఉండవలసినది పరీక్ష. అది మన హక్కు.

ఒంటి ఆవిర్లు, నిద్రలేమి తగ్గడానికి ఈ వయసులో హార్మోన్ బిళ్ళలు రాస్తున్నారు. వాటితో ఉపశమనం ఉన్నమాట నిజమే. కానీ వాటితోపాటు చెప్పవలసిన మాటలున్నాయి. గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందంగా పెరుగుతుంది. అది కాన్సర్‌కు దారితీయవచ్చునని 1975లోనే అమెరికా పరిశోధకులు చూపించారు. అందుకే ప్రొజెస్టిరాన్ జతచేస్తారు. రెండూ రోజూ వాడేవారికి మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కొద్దిగా నెత్తురు కనిపించడం మామూలే. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, ఆగి మళ్ళీ మొదలైనా, ఎక్కువైనా నెపం బిళ్ళల మీద వేసి ఊరుకోకూడదు. బిళ్ళలు వాడనివారు ఒక్కసారి కనిపించినా చూపించుకోవాలి.

ఇలా కనిపించిన ప్రతిదీ కాన్సర్ కాదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ముట్లుడిగాక నెత్తురు కనిపించిన నూరుమందిలో సుమారు తొమ్మిదిమందికే గర్భసంచి లోపొర కాన్సర్ ఉంది. అయితే ఆ కాన్సర్ వచ్చినవారిలో నూటికి తొంభైమందికి ఈ నెత్తురు కనిపించింది. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. అందుకే డాక్టరు గర్భసంచి ముఖద్వారాన్ని చూడాలి, స్కానింగులో పొర మందం కొలవాలి, అవసరమైతే ముక్క పరీక్షకు పంపాలి.

ఈ మెట్లేవీ ఎక్కకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కించడం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో మూడు శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలుచేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం ఊరిదాకా రావడం మన పని.

నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడికి వెళ్ళే అక్కకు తోడు వెళదాం. నాలుగు ప్రశ్నలు అడుగుదాం: ఈ బిళ్ళలో ఏముంది? ఎన్నాళ్ళు వాడాలి? నెత్తురు ఎందుకు వస్తోంది? పరీక్షలో ఏం తేలింది? జవాబులు తెలుగులో, ఆమెకు అర్థమయ్యేలా రావాలి. అవి వచ్చేదాకా ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయవలసిన అవసరం లేదని ప్రతి సంఘం మీటింగులోనూ చెబుదాం.